లంకమొగలో ఆరు కోట్ల వలస

కొక్కిలిగడ్డ నాంచారమ్మ పద్దెనిమిదేళ్లుగా కంటికి ఆనని ప్రాణులకు వండిపెడుతోంది.

లంకమొగ ఊరి చివర, ఏరు వెళ్లి సముద్రంలో పడేచోట, ప్రభుత్వం వారి పండుగప్ప చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం ఉంది. నాంచారమ్మ అందులో ప్రయోగశాల సహాయకురాలు. గుడ్డులోంచి బయటికొచ్చిన పండుగప్ప పిల్ల మూడోరోజున నోరు తెరుస్తుంది. ఆ నోట్లో పట్టేంత చిన్న తిండి లోకంలో చాలా తక్కువ. ఉన్నవాటిలో మంచిది రోటిఫర్ అనే జీవి. ఇసుక రేణువు కన్నా చిన్నది. నెత్తిమీద రెండు కుచ్చుల వెంట్రుకలు చక్రాల్లా ఆడిస్తూ నీళ్లలో గిర్రున తిరుగుతుంది. అందుకని నాంచారమ్మ వాటికి గిరగిరలని పేరు పెట్టింది. సూపరింటెండెంటు మార్కండేయులు గారు మొదట్లో ఆ మాటకు ముఖం చిట్లించేవాడు గానీ, ఏడాది తిరిగేసరికి ఆయనా "గిరగిరలు ఎలా ఉన్నాయమ్మా?" అనడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు గిరగిరలు బాగా లేవు. సముద్రపు నీళ్లు ఉన్నవి ఉన్నట్టు తొట్టెల్లోకి తోడాలనీ, రొట్టెలు పొంగించే ఈస్టు మేతగా వేయాలనీ ఎప్పటిదో పాత ఉత్తర్వు. ఆ ప్రకారమే చేస్తుంటే అవి పెరగడం మానేశాయి. నాంచారమ్మ కొన్నాళ్లు చూసి, ఇక చూడలేక, రెండు తొట్టెల్లో మంచినీళ్లు కలిపి ఉప్పు సగానికి పైగా తగ్గించింది. ఈస్టు మానేసి, ఎండలో పెంచిన పచ్చనాచు నీళ్లు పోసింది. మర్నాడు చుక్క నీరు తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే నిన్నటికి రెట్టింపు! ఇంకా మర్నాడు దానికి రెట్టింపు. పక్కనే ఉప్పునీటి తొట్టెలో ఈస్టు తిన్నవి మాత్రం ఎక్కడివక్కడే సణుగుతూ ఉన్నాయి.

"రోజూ ఉప్పుచేప పెడితే మనమైనా బతుకుతామా సారూ? వీళ్లూ అంతే," అంది మార్కండేయులు గారితో.

ఆయన సంతోషించి, నెలవారీ ప్రగతి పత్రంలో ఆ మాట రాయమన్నాడు. నాంచారమ్మ కంప్యూటరు ముందు కూర్చుని కాసేపు వెతికింది.

"జీవి పేరు రాసే గడి కనపడట్లేదేంది సారూ?"

"తీసేశారమ్మా. సరళీకరణ. ఇదివరకు నలభై గడులుండేవి. ఇప్పుడు అన్ని శాఖలకీ ఒకటే పత్రం, నాలుగే గడులు. ఊరు, జనాభా వృద్ధి శాతం, అందుకు కారణం, సంతకం."

"మరి గిరగిరలని యాడ రాయాలి?"

"రాయకు. గడి దాటి రాస్తే కంప్యూటరు ఎర్రబడుతుంది. కంప్యూటరు ఎర్రబడితే పైవాళ్లు ఎర్రబడతారు. నాకింకా మూడేళ్ల సర్వీసుంది."

నాంచారమ్మ రాసింది. ఊరు: లంకమొగ. జనాభా వృద్ధి: రోజుకు నూరు శాతం. కారణం: ఉప్పు తగ్గించుట, పచ్చని ఆహారము.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో రాష్ట్రంలో పిల్లలు పుట్టడం తగ్గిపోయిందని పెద్దలకు బెంగ పట్టుకుంది. బెంగ తీర్చడానికి జనాభా వృద్ధి ప్రోత్సాహక సంస్థ వెలసింది. దానికి త్రివిక్రమరావు గారని ఒక ప్రత్యేక కమిషనరు, ఆయన కింద తొమ్మిది విభాగాలు. సభలు పెట్టారు, గోడల మీద రాతలు రాయించారు, పెళ్లిపందిళ్లకు వెళ్లి ఉపన్యాసాలిచ్చారు. అన్ని ఊళ్ల నుంచీ సున్నా, సున్నా, సున్నాకి దిగువ అంటూ పత్రాలు వస్తున్నాయి. అటువంటి సమయంలో లంకమొగ నుంచి రోజుకు నూరు శాతం వచ్చింది.

తొమ్మిదో రోజున పదకొండు కార్లూ, వంద ఉయ్యాలలతో ఒక లారీ కేంద్రం గేటు ముందు ఆగాయి.

త్రివిక్రమరావు గారు ఆజానుబాహువు. మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడతాడు. దిగీ దిగగానే, "ఈ మహత్తర ప్రగతికి మూలస్తంభాలైన మాతృమూర్తులను ప్రత్యక్షంగా సందర్శించి అభినందించు నిమిత్తం విచ్చేశాము. తల్లులెక్కడ?" అన్నాడు.

మార్కండేయులు గారు నాంచారమ్మ వైపు చూశాడు. నాంచారమ్మ తొట్టె వైపు చూపించింది.

కమిషనరు గారు వంగి తొట్టెలోకి చూశాడు. పచ్చటి నీళ్లు. తొమ్మిది విభాగాల అధిపతులూ వంగారు. వాళ్లకూ పచ్చటి నీళ్లే కనిపించాయి.

"ఇట్టా కనపడరండీ. ఇందులో చూడాల," అని నాంచారమ్మ ఒక చుక్క గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శిని ముందుకు జరిపింది. ఆయన కన్ను పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"వీరందరూ..."

"ఆడోళ్లేనండి. మగతోడు అక్కర్లేకుండానే గుడ్డు పెడతారండి. అదిగో ఆ పిల్ల చూడండి, వెనక రెండు గుడ్లు మోస్తా తిరుగుతంది. ఇయ్యి మనుషులు కాదండీ. చేపపిల్లలకేసే మేత. ఆ పత్రంలో గడి లేక..."

విభాగాధిపతుల ముఖాల్లో నెత్తురుచుక్క లేదు. లంకమొగ ఆదర్శ జనాభా గ్రామమని ముందురోజే పత్రికలన్నిటికీ చెప్పేశారు. వెనక్కి తీసుకుంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

కమిషనరు గారు నిటారుగా లేచాడు. "ప్రభుత్వ ఉత్తర్వులో 'జనాభా' అను పదము గలదు. 'మనుషులు' అను పదము ఎచ్చటనైనా కలదా?"

ఉత్తర్వు తెచ్చి పేజీ పేజీ తిరగేశారు. లేదు. సరళీకరణలో అదీ పోయింది.

"అటులైన ఎట్టి సందిగ్ధమూ లేదు," అన్నాడాయన. తొమ్మిదిమందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆ గాలికి తొట్టెలో నీళ్లు కదిలాయి.

ఆ వారంలోనే రాష్ట్రంలో ఉన్న ప్రభుత్వ కార్యాలయాల భోజనశాలలన్నిటికీ ఒక సర్క్యులర్ వెళ్లింది. లంకమొగ నమూనాను అనుసరించి కూరల్లో ఉప్పు సగానికి పైగా తగ్గించవలెను. కొత్తగా పెళ్లైన ఉద్యోగులకు రోజుకు రెండుపూటలా పచ్చనీరు ఇవ్వవలెను. ఫలితములను ప్రతి ఉదయం పది గంటల లోపు నివేదించవలెను. మార్కండేయులు గారికి పెళ్లై ముప్పై ఒక్క సంవత్సరాలైంది గానీ, కేంద్రం అధిపతిగా ఆదర్శంగా ఉండాలన్నారు కాబట్టి ఆయనా తాగాడు. తాగి, "అమ్మా, గిరగిరలకు ఇందులో ఏం రుచి కనపడిందో నాకర్థం కావడం లేదు," అన్నాడు.

"అందులో ఈదాల సారూ, మింగగూడదు," అంది నాంచారమ్మ.

తరువాత జనగణన వచ్చింది. గణకులు ముప్పైమంది గుర్తింపు కార్డులు మెడలో వేసుకుని దిగారు. లెక్క ఎలా కడతారని అడిగితే నాంచారమ్మ చూపించింది. ఒక మిల్లీలీటరు నీటిలో అయోడిన్ చుక్క వేస్తుంది. తిరగడం మానేసి పడుకుంటాయి. అప్పుడు లెక్కపెడుతుంది.

"పడుకొనుట అనగా?" అన్నాడు గణకుల పెద్ద.

"మళ్లీ లేవవండి."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. గణన సందర్భంగా ప్రాణనష్టం జరగరాదని నియమావళిలో ఉందట. చివరికి నాంచారమ్మ పాత లెక్కనే తీసుకున్నారు. మిల్లీలీటరుకు ఐదువందలు. తొట్టెకు వెయ్యి లీటర్లు, అంటే యాభై కోట్లు. ఇప్పుడన్ని తొట్టెల్లోనూ ఉప్పు తగ్గించారు కాబట్టి ఇరవై తొట్టెల్లో వెయ్యి కోట్లు. భూమ్మీదున్న మనుషులందరినీ ఒకచోట చేర్చినా అంతమంది లేరు. వెయ్యిమందికొక ఆరోగ్య కార్యకర్త చొప్పున లంకమొగకు కోటిమంది ఆరోగ్య కార్యకర్తలను మంజూరు చేశారు. అందులో మొదటి విడతగా ఇద్దరు వచ్చి, తొట్టెల చుట్టూ ఒకసారి తిరిగి, సెలవు పెట్టి వెళ్లిపోయారు.

ఇంతలో లెక్కల్లో ఎవరో ఒక లోపం పట్టారు. పురుషుల గడిలో సున్నా ఉంది.

కమిషనరు గారు మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖం గంభీరం. "వెయ్యి కోట్ల జనాభాలో ఒక్క పురుషుడైనను లేకపోవుట లింగ సమతుల్యతకు గొడ్డలిపెట్టు. పక్షం రోజులలో కనీసం ముప్పైమూడు శాతం పురుషులను యుద్ధప్రాతిపదికన సమకూర్చవలెను."

"సుఖంగా ఉన్నప్పుడు ఈళ్లు మగపిల్లల్ని కనరండీ," అంది నాంచారమ్మ. "నీళ్ల ఉప్పు తారుమారై, ఇరుకై, తిండి చాలక, ఇక రోజులు బాగోవు అనుకున్నప్పుడే కంటారు."

"కష్టములు కల్పించుటలో ప్రభుత్వమునకు ఎట్టి ఇబ్బందియు లేదు," అన్నాడాయన.

ఇరవయ్యో తొట్టెలో ఉప్పు పెంచి, మేత తగ్గించారు. ఆరో రోజున మగవాళ్లు పుట్టారు. ఆడదానిలో మూడోవంతు ఉంటారు. మెరుపులా తిరుగుతారు. కమిషనరు గారు కన్ను సూక్ష్మదర్శినికి ఆనించి ముచ్చటపడ్డాడు.

"వీరి ఆహారము?"

"ఏమీ తినరండి. ఈళ్లకి నోరు లేదు. పొట్టా లేదు."

"వృత్తి?"

"తిరగటవేనండి. మూడు రోజులు తిరిగి పోతారు."

"నోరు లేని పురుషులు!" అన్నాడాయన నమ్మలేనట్టు.

"కొన్ని ఇళ్లలో ఉన్నారు సార్," అన్నాడు మార్కండేయులు గారు పచ్చనీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని.

మూడు రోజులకు మగవాళ్లు పోయారు. తొట్టెలో ఆడవాళ్లు కూడా సగానికి సగం పోయారు. మిగిలినవాళ్లు గట్టి పెంకుతో గుడ్లు పెట్టి అడుగున దాచారు, మంచిరోజులొస్తే అప్పుడు చూద్దామన్నట్టు. పురుషాభివృద్ధి పథకం విజయవంతంగా ముగిసిందని ప్రకటన వచ్చింది.

ఇదంతా నాంచారమ్మకు నవ్వులాటగానే ఉంది, చేపపిల్లల నాలుగో ట్యాంకులో గుడ్లు పగిలేవరకూ.

రెండు లక్షల పండుగప్ప పిల్లలు పుట్టాయి. కంట్లో పడే నలుసులంత. వాటికోసం ఏడుకొండలు అనే రైతు నెలనుంచి రోజూ వస్తున్నాడు. రెండేళ్లు వరసగా రొయ్యలకు తెగులొచ్చి, చచ్చి చెరువంతా తెల్లగా తేలితే, ఈసారి పండుగప్ప వేద్దామని తనూ, చుట్టుపక్కల పదిమందీ చెరువులు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఇదీ పోతే చెరువులు పూడ్చేసి ఊరొదిలి పోవడమేనని అతని భార్య చెప్పేసింది.

"అక్కా, పిల్లలు ఎట్టా ఉన్నారు?" అన్నాడు కిటికీ అవతల నుంచి.

"ఎల్లుండి నోరు తెరుస్తార్రా. అప్పుడు మేతేస్తే, ఇక ఢోకా లేదు."

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. మార్కండేయులు గారు చదివి వినిపించాడు. 'లంకమొగ నమోదిత జనాభాను ఏ కారణము చేతనైనను చేపలకు ఆహారముగా వేయుట ఇందుమూలముగా నిషేధింపబడినది. అతిక్రమించినవారు జనాభా తగ్గుదలకు బాధ్యులుగా పరిగణింపబడుదురు.'

"సారూ, మరి పిల్లలు?"

"వాటికి ఈస్టు వేసి చూద్దామా?"

"ఈస్టు గిరగిరలు తింటాయి గానీ చేపపిల్ల తినదు సారూ. నీళ్లు కుళ్లిపోతాయి. కదిలే తిండి కావాల దానికి."

"ఫోన్ చేస్తాను," అని ఆయన తొమ్మిది విభాగాలకూ చేశాడు. ఎనిమిది విభాగాలు తొమ్మిదో విభాగాన్ని అడగమన్నాయి. తొమ్మిదో విభాగం మొదటిదాన్ని అడగమంది.

మూడో రోజు పొద్దున నాంచారమ్మ నాలుగో ట్యాంకు దగ్గర కూర్చుంది. పిల్లలు నోరు తెరిచాయి. అరచేతిలో నీళ్లు తీసుకుని వెలుతురుకు పెట్టి చూస్తే తెలుస్తోంది. ఖాళీ నీళ్లలో దేన్నో అందుకోబోయినట్టు ముందుకు దూకడం, ఏమీ దొరక్క ఆగడం, మళ్లీ దూకడం. సాయంత్రంలోగా మేత పడకపోతే ఇక పెట్టినా తినలేవు. పక్కనే తొట్టెల నిండా తిండి. మధ్యలో ఒక కాగితం.

పద్దెనిమిదేళ్లలో ఆమె ఎన్ని ఉత్తర్వులకో తలూపింది. ఉత్తర్వు ఒకటి చెబితే చేతులు ఇంకొకటి చేసేవి, ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు అడుగుతారు. జనగణన తరువాత వచ్చిన కొత్త జనాభా పత్రంలో రోజూ లెక్క పంపాలి. తగ్గితే ఉద్యోగం పోతుంది, ఆమెదీ, మార్కండేయులు గారిదీ. చీరచెంగుతో ముఖం తుడుచుకుంది. కార్యాలయంలోకి వెళ్లి, కంప్యూటరు తెరిచి, జనాభా పత్రాన్ని మొదటినుంచి చివరిదాకా, అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా చదివింది.

జనాభా తగ్గితే కారణం ఎంచుకోవాలట. రెండే ఉన్నాయి. ఒకటి మరణం. రెండోది వలస.

"సారూ," అంది నాంచారమ్మ, "మనూరి జనం పొట్టకూటి కోసం బందరు పోతే ఎవురైనా వద్దంటారా?"

"ఎందుకంటారమ్మా? అది వాళ్ల హక్కు."

"అయితే గిరగిరలు కూడా బతుకుతెరువుకి పోతన్నాయి. నాలుగో ట్యాంకుకి."

మార్కండేయులు గారు ఆమెను చూశాడు. పత్రాన్ని చూశాడు. తన మూడేళ్ల సర్వీసును కూడా మనసులో ఒకసారి చూసుకున్నాడు. కిటికీలోంచి గేటు దగ్గర ఏడుకొండలు సైకిలు పట్టుకుని నిలబడి ఉండడం కనిపించింది. చేతిలో గ్లాసు ఎత్తి, పచ్చనీళ్లు కిటికీ అవతలికి పారబోశాడు.

"పంపించు," అన్నాడు. "నేనూ సంతకం పెడతాను."

నాంచారమ్మ పరుగెత్తింది. యాభై రెండేళ్ల మనిషి బకెట్లతో అలా పరుగెత్తడం కేంద్రంలో ఎవరూ చూసి ఎరుగరు. సన్నటి జల్లెడ గుడ్డలో గిరగిరల్ని వడకట్టి, కడిగి, నాలుగో ట్యాంకులో వంచింది. నీళ్లు ఒక్క క్షణం మసకబారాయి. తరువాత ఆ రెండు లక్షల నలుసుల్లోనూ కదలిక పుట్టింది. దూకడం, అందుకోవడం, మళ్లీ దూకడం! అరచేతిలోకి తీసుకుని చూస్తే గాజులాంటి పొట్టలు నిండి ఉబ్బి ఉన్నాయి. నాంచారమ్మకు నవ్వాగలేదు, కన్నీళ్లూ ఆగలేదు.

ఆ సాయంత్రం పత్రంలో రాసింది: ఉపాధి నిమిత్తం వలస, ఆరు కోట్లు.

మర్నాడు మళ్లీ ఆరు కోట్లు. వెళ్లినన్నీ తెల్లారేసరికి తొట్టెల్లో పుట్టేవి కాబట్టి మొత్తం లెక్క పెద్దగా తగ్గలేదు. పది రోజులపాటు రాజధానిలో ఎవరికీ అనుమానం రాలేదు. పదకొండో రోజున ఒక చిన్న గుమస్తా, వెళ్లినవాళ్ల గడి పక్కన తిరిగి వచ్చినవాళ్ల గడిలో వరసగా సున్నాలు చూసి భయపడ్డాడు. అరవై కోట్లమంది ఇల్లొదిలి పోతే ఒక్కరూ పండక్కైనా తిరిగి రాలేదా?

కమిషనరు గారు వలసదారుల సంక్షేమ విచారణ సంఘంతో దిగాడు. అదే రోజున ఏడుకొండలు కూడా ఆక్సిజన్ నింపే ప్లాస్టిక్ సంచులతో, ఒక చిన్న వ్యానుతో వచ్చాడు. పిల్లలు చీమంత పెరిగాయి. ఇంకొన్నాళ్లు తన చెరువుగట్టు మీది తొట్టెల్లోనే పెంచుకుంటానన్నాడు. ఆ కార్ల వరస చూసి వ్యాను పక్కనే బిక్కచచ్చి నిలబడ్డాడు.

"వలసదారులు చేరిన ప్రాంతమేది?" అన్నాడు కమిషనరు గారు.

నాంచారమ్మ నాలుగో ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లింది.

"వారచ్చట ఏ విధముగా నున్నారు?"

"బాగా కలిసిపోయారండి," అంది నాంచారమ్మ. "వేరు చెయ్యలేనంతగా."

"సంపూర్ణ సమ్మేళనము," అని సంఘంలో ఒకరు రాసుకున్నారు.

కమిషనరు గారు ట్యాంకులోకి వంగాడు. ఈసారి సూక్ష్మదర్శిని అక్కర్లేకుండానే కనిపించాయి. గుంపులు గుంపులుగా, తలలన్నీ ఒకవైపు తిప్పి ఈదుతున్న చేపపిల్లలు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"వీరెవరు? వలసదారుల సంతానమా?"

అవునంటే వీటినీ జనాభాలో రాస్తారు. రాస్తే గేటు దాటించరు. ఇక్కడే పెరిగి, ఇక్కడే ముసలివై, ఒక్కటీ చెరువు చూడదు. వ్యాను దగ్గర ఏడుకొండలు సంచి చేత్తో పట్టుకుని ఇటే చూస్తున్నాడు. మార్కండేయులు గారు కళ్లు మూసుకున్నాడు.

"కాదండీ," అంది నాంచారమ్మ. "ఈ రెండు లక్షల మందీ యజమానులు. అరవై కోట్ల మందికీ పని చూపించింది ఈళ్లే. వచ్చినోళ్లని వచ్చినట్టు, ఒక్కర్ని కూడా వెనక్కి పంపకుండా లోపలికి తీసుకున్నారండి."

కమిషనరు గారు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తెలియకుండానే చేతులు జోడించాడు.

"రెండు లక్షల మంది పారిశ్రామికవేత్తలు! ఈ మారుమూల!" అన్నాడు. "వీరికి ప్రభుత్వ పరముగా ఏవైనా ఇబ్బందులున్నచో నిస్సంకోచముగా తెలుపవలెను."

"ఇక్కడ ఇరుకైపోయిందండి. వ్యాపారం పెంచుకుందామంటే చోటు చాలట్లేదు. ఏడుకొండలు చెరువుల్లోకి మారదామని చూస్తన్నారు. మీ అనుమతే ఆలస్యం."

ఏకగవాక్ష విధానంలో అనుమతి అక్కడే, ఆ నిమిషమే, ట్యాంకు గోడమీద కాగితం పెట్టి మంజూరైంది. విస్తరణకు ఎట్టి ఆటంకమూ కల్పించరాదనీ, దారిపొడుగునా పోలీసులు సహకరించవలెననీ కూడా రాశారు. ఆ తరువాత కమిషనరు గారు శాలువా తెప్పించాడు. ఎవరి భుజాల మీద కప్పాలో తోచక కాసేపు అటూ ఇటూ చూసి, ట్యాంకు అంచుమీద పరిచాడు. ఒక కొస నీళ్లలో నానింది. పిల్లలు దాని జరీని ముక్కులతో పొడిచి చూశాయి. ఆయన గొంతు సవరించుకుని, పారిశ్రామిక ప్రగతి గురించి మొదలుపెట్టాడు.

నాంచారమ్మ వెనక్కి తిరగకుండానే చేత్తో సైగ చేసింది. ఏడుకొండలు సంచులతో ట్యాంకు అవతలి వైపుకు పాక్కుంటూ వచ్చాడు.

"ఎవురికక్కా సన్మానం?" అన్నాడు గుసగుసగా.

"నీ చేపలకేరా," అంది నాంచారమ్మ, జల్లెడ ముంచుతూ. "పట్టు, పట్టు. ఆయన మాట్లాడటం అయ్యి, మళ్లీ లెక్కలు మొదలెట్టేలోపల గేటు దాటిపోవాల."